బాలి దాచిన చోటు

మణుగూరు,
12 జూన్ 2007.

లాల్‌సింగ్ బావకు,

రామ్ రామ్. పదకొండేళ్ల తర్వాత నీకు రాస్తున్నాను. క్షేమం అడగడం లేదు, అడిగితే నీకు నవ్వొస్తుంది. మీ తండాలో సెల్‌ఫోను పలకదు కాబట్టి ఉత్తరమే గతి. మీ సువర్ణ బడిలో పంతులమ్మ అయిందట కదా, ఆమె చేత చదివించుకో. బిడ్డ ముందు ఎట్లా అని సందేహించకు. నాకే లేని సిగ్గు నీకెందుకు?

ముందు నీ మీద నాకున్న రెండు ఫిర్యాదులు చెప్తాను. నా తప్పు ఆ తర్వాత చెప్తాను. పెద్దవాణ్ణి కాబట్టి ఈ వరస నేనే నిర్ణయించాను.

మొదటిది తొంభై ఆరు నాటిది. రెండేళ్ల తర్వాత చెల్లెలిని చూడటానికి మా క్వార్టరుకు వచ్చావు. చేతిలో ఇప్పపువ్వు మూట, కాళ్లకు చెప్పులు లేవు. బాలి నిన్ను గేటు దగ్గరే మెడ పట్టుకుని ఢావ్లో ఏడుపు అందుకుంది. చాన్నాళ్లకు కనబడ్డ అన్నను పట్టుకుని రాగం తీసి, మాటలు కట్టి ఏడవటం మన లంబాడీ ఆడవాళ్ల మర్యాద. అందులో దుఃఖం ఎంతో సంతోషమూ అంతేనని ఆ కాలనీలో ఎవరికి తెలుసు? ఎదురు క్వార్టర్ కళావతి తడి చేతులతోనే బయటికొచ్చి, "ఎవరు పోయిండ్రు సారూ?" అని అడిగింది. ఇంకో నలుగురు గోడల మీద నుంచి చూశారు. అప్పటికి నేను గనుల ఆఫీసులో పెద్ద గుమస్తాను. మా ఫైళ్లలో తప్పుల్లేని ఇంగ్లీషు రాసేవాణ్ణి నేనొక్కణ్ణే. అయినా నా వెనక వాళ్లు నన్ను ఏమని పిలిచేవాళ్లో నాకు తెలుసు. "లోపలికి పదండి. గేటు కాడ ఏడ్వొద్దు. ఇది తండా కాదు," అన్నాను. అంతే కదా అన్నది. నువ్వేమో, "మా చెల్లె ఏడ్వడానికి గూడ నీ పర్మిషన్ గావాల్నా బావా?" అని నలుగురూ వినేటట్టు అని, మంచినీళ్లు కూడా ముట్టకుండా వెనక్కి తిరిగావు. ఇప్పపువ్వు మూట గేటుకు తగిలించి పోయావు. అది మూడు రోజులు అక్కడే ఉంది. బాలి తీయలేదు. నేనూ తీయలేదు.

రెండోది పెద్దది. రెండేళ్ల కింద బాలి పోయినప్పుడు కబురు పంపాను. వచ్చావు. నీ భార్య సక్రి వచ్చింది, తండా ఆడవాళ్లు ఇంకో ఆరుగురు వచ్చారు. పుట్టింటి వాళ్లు శవం మీద పడి ఢావ్లో చెప్పకపోతే మనిషి సగమే పోయినట్టని మా అమ్మ అనేది. మీ ఏడుగురు ఆడవాళ్లూ కొంగులు నోటికి అడ్డం పెట్టుకుని గోడ వారగా నిలబడ్డారు. ఒక్క గొంతు లేవలేదు. పరాయి ఇంటికి పలకరింపుకు వచ్చినట్టు వచ్చి పోయారు. నా మీద కోపం ఉంటే నా మీద తీర్చుకోవాలి. చచ్చిన చెల్లెలి మీద తీర్చుకున్నావు. ఇంటి నిండా పుస్తకాలున్నవాణ్ణి, ప్రపంచంలో రకరకాల పగల గురించి చదివాను. ఇంత చల్లటి పగ ఎక్కడా చదవలేదు.

ఇక నా సంగతి.

ఎనభై ఒకటిలో మేము క్వార్టరుకు వచ్చిన రోజే నేనొక నియమం పెట్టాను. ఈ ఇంట్లో తెలుగు తప్ప వేరే మాట వినబడకూడదని. జ్యోత్స్నకు అప్పుడు ఏడాది. బడిలో నేను పడ్డ అవమానం అది పడకూడదనుకున్నాను. అది తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. కానీ బాలికి తెలుగు సరిగా రాదు. వంకర మాట వస్తే పిల్ల నవ్వేది, నేను దిద్దేవాణ్ణి. మెల్లగా మాట్లాడటమే మానేసింది. "అన్నం," "నీళ్లు," "కరెంటు పోయింది." ఇరవై ఏళ్లు ఆ మూడు మాటలతో సంసారం చేసింది. నాకు చదువుకోవడానికి నిశ్శబ్దం దొరికింది.

జ్యోత్స్న ఖమ్మంలో కంప్యూటర్ నేర్చుకుని, నేను ఉద్యోగం దిగిపోయాక మా ఆఫీసులోనే చేరింది. క్వార్టరు ఇప్పుడు దాని పేరు మీదే ఉంది. రెండు వేల రెండులో ఒక కంప్యూటరు ఇంటికి తెచ్చింది. అందులో ఎమ్యులేటర్ అని ఒకటుంది. టీవీకి తగిలించుకుని ఆడే పాత ఆటపెట్టె చేసే పనిని, ఆ పెట్టె లేకుండానే, కంప్యూటరు చేత చేయిస్తుంది. దాంట్లో ఒక ఆట. ఒక మనిషి ఊరూరా తిరుగుతాడు, ఎదురైన వాళ్లందరూ అతనితో ఏదో ఒకటి అంటారు, ఆ మాటలు అక్షరాలుగా కింద పడతాయి. ఆట ఇచ్చిన జ్యోత్స్న స్నేహితురాలు దేశం జపాన్ అని పెట్టి ఇచ్చిందట, అక్షరాలన్నీ జపాన్‌వే. జ్యోత్స్నకు రావు, నాకూ రావు. మా ఇంట్లో ముగ్గురికీ చదవరాని అక్షరాలు రావడం అదే మొదలు. మధ్యాహ్నం పూట ఊరికే పక్కన కూర్చున్న బాలి నెల తిరిగేసరికి జ్యోత్స్న చేతిలోంచి కీబోర్డు లాక్కుంది.

ఆట మొదట్లో ఆ మనిషికి పేరు పెట్టాలి. బాలి అక్షరాల మీద తిరిగి తిరిగి, గాలంలా ఉన్నదొకటి, నాగలిలా ఉన్నదొకటి ఏరి పెట్టింది. "ఇదేం పేరే అమ్మా?" అంటే, "మా అన్న," అందట. అంటే ఆ ఆటలో తిరిగేవాడివి నువ్వు. మూడేళ్లపాటు ఆమె నిన్ను కొండలెక్కించింది, ఏర్లు దాటించింది. చివరికి రోజూ తీసుకెళ్లేది ఏటి ఒడ్డున ఉన్న ఒక ఇంటికి. అందులో ఒక ముసలమ్మ ఉంటుంది. నువ్వు తలుపు దగ్గరికి పోగానే ఆమె ఏవో నాలుగు అక్షరాలు అంటుంది. అప్పుడు బాలి కీబోర్డు వదిలేసి, చిన్న గొంతుతో ఢావ్లో మొదలుపెట్టేది. గోడ దాటని గొంతు. ముగిశాక ఆట అక్కడికి దాచి కంప్యూటరు ఆపించేది.

నేను పక్క గదిలో పుస్తకం పట్టుకుని ఉండేవాణ్ణి. జ్యోత్స్నకు ఆ పాట అర్థం కాదు. నాకు ప్రతి మాటా అర్థమయ్యేది. "అన్నా, ఏ దారిన వచ్చావు, నీ కాళ్లకు ముళ్లు దిగలేదా. నా గోడలు ఎత్తయినవి, నీకు కనబడ్డానా." నేను పేజీ తిప్పేవాణ్ణి.

పోయిన వారం జ్యోత్స్న డ్యూటీకి పోయాక కంప్యూటరు ముందు కూర్చున్నాను. అసలు ఆ ముసలమ్మ ఏమంటుందో తెలుసుకోవాలనిపించింది. సెట్టింగుల్లోకి పోతే రీజియన్ అని ఉంది, దాని కింద లాంగ్వేజ్ అని ఉంది. ఒకే ఆటలో రెండు భాషలూ ఉంటాయట. పెట్టె ఏ దేశంలో ఉన్నాననుకుంటే ఆ భాష బయటికి తీస్తుంది. జపాన్ తీసి అమెరికా పెట్టాను. ఇంగ్లీషు వచ్చింది. రెండు రోజులు కిందామీదా పడి ఆ ఇంటిదాకా పోయాను. ముసలమ్మ అన్న మాట ఇది: "ఇక్కడ గదులు ఖాళీ లేవు. వంతెన ఉత్తరం వైపు ఉంది."

ఒక్కణ్ణే ఉన్నాను, గట్టిగా నవ్వాను. తర్వాత బాలి ఎక్కడ ఆపిందో చూద్దామని ఆమె దాచిన ఆట కోసం వెతికాను. లేదు. నేను ఆడింది ఉంది, ఆమెది లేదు. ఆట దాచుకునే మిగతా గడులన్నీ ఖాళీ. మూడేళ్ల ఆట. ఆమె ఈ ఇంట్లో తన చేత్తో రాసిన రెండే రెండు అక్షరాలు. నేనే చెరిపేశాను. జ్యోత్స్నకు చెప్పలేదు. నీకు చెప్తున్నాను, ఎందుకంటే పోయింది నువ్వు.

బదులు రాయనక్కర్లేదు.

ఇట్లు,
దేవ్లా


మణుగూరు,
3 జూలై 2007.

లాల్‌సింగ్ బావకు,

వద్దన్నా బదులు రాయించావు. సువర్ణ అక్షరాలు బాగున్నాయి. నువ్వు చెప్పింది చెప్పినట్టు రాసింది, కాస్త దిద్ది ఉంటే నాకు తేలికగా ఉండేది. నీ మాటలు నీకే తిరిగి రాస్తున్నాను, ఎందుకంటే వారం నుంచి అవి తప్ప వేరే ఏదీ చదవలేకపోతున్నాను.

"బావా, పగ గాదు. నువ్వే అన్నవు గద, గేటు కాడ ఏడ్వొద్దు, ఇది తండా కాదని. ఆనాడు నా నోటి దురుసుతోని నీ ఇజ్జత్ పోయింది. అందుకే బాలి పోయిన్నాడు గేటు బయటనే ఆడోళ్లకు గట్టిగ జెప్పిన. మా బావ ఇంట్ల ఎవ్వరు గొంతు లేపొద్దు, కాలనీల ఆయనకు తల దించుకునేటట్టు జెయ్యొద్దని. సక్రి కొంగు కొరుక్కుంట నిలవడ్డది. బస్సెక్కినంక భద్రాచలం దాకా బస్సుల ఏడ్చిండ్రు. కండక్టర్ దిగుమన్నడు. నీ మాట నేను దాటలే బావా. నువ్వు ఒక్కసారి ఊఁ అంటవేమోనని నీ మొకం దిక్కే జూసిన. నువ్వు గోడ దిక్కు జూస్తున్నవు."

అవును, గోడ దిక్కే చూస్తున్నాను. మీరు ఎప్పుడు మొదలుపెడతారా అని.

కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. చాలాకాలంగా చేతికందే వస్తువు అది, ఈసారి దొరకలేదు. నేను ఒక్కరోజు సిగ్గుపడి అన్న మాటను నువ్వు తొమ్మిదేళ్లు చట్టంలా కాపాడావు. నా భార్యను మూగగా సాగనంపింది నువ్వు కాదు. ఇంతకంటే ఎక్కువ ఈ పూట రాయలేను.

ఇట్లు,
దేవ్లా


మణుగూరు,
16 జూలై 2007.

లాల్‌సింగ్ బావకు, సక్రి అక్కకు,

ఈ ఉత్తరం సక్రి అక్కకు కూడా వినబడేటట్టు చదవమని సువర్ణకు చెప్పు.

నిన్న ఆదివారం జ్యోత్స్నకు చెప్పేశాను. అమ్మ దాచిన ఆట నా చేతుల్లో పోయిందని చెప్తుంటే నా గొంతు పెద్దాఫీసరు ముందు నిలబడ్డ కొత్త గుమస్తాలా ఉంది. అది ఏడుస్తుందనుకున్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, సెట్టింగులు తెరిచి, నవ్వింది.

"ఏడికి పోలేదు నాన్నా. జపాన్‌కు ఒక సంచి, అమెరికాకు ఒక సంచి, దేనికది అలగ్ పెట్టుకుంటది ఇది. నువ్వు అమెరికా సంచి దెరిచి అమ్మది లేదంటున్నవ్. అమ్మ ఎన్నడన్న అమెరికా పోయిందా?"

"నాకెట్ల తెలుస్తది?"

"రెండు బీరువాల పుస్తకాలు సదివినవ్. గిది ఒక్కటి అడగనీకి నామోషీ."

రీజియన్ మళ్లీ జపాన్ చేసింది. లాంగ్వేజ్ కూడా. ఆపి మళ్లీ మొదలుపెట్టింది. గడులు వచ్చాయి. మొదటి గడిలో గాలం, దాని పక్కన నాగలి. నువ్వు అక్కడే ఉన్నావు బావా, రెండేళ్లుగా, ఎవరూ ముట్టకుండా.

తెరిచింది. బాలి ఎప్పుడూ ముసలమ్మతో మాట అయ్యాకే ఆపుతుందనుకున్నాను కదా. చివరి రోజు అలా ఆపలేదు. బహుశా ఆయాసం వచ్చి ఉంటుంది, ఆ నెలలోనే దవాఖానాలో చేర్చాము. నువ్వు ఏరు దాటి, ఇంటి ముందు, తలుపుకు ఒక్క అడుగు దూరంలో నిలబడి ఉన్నావు. జ్యోత్స్న బటన్ మీద వేలు పెట్టి నా వైపు చూసింది. నేను దాని చేయి పట్టుకుని ఆపాను.

"అమ్మ గీడ ఏమని పాడేది నాన్నా? నీకు తెల్సా?" అని అడిగింది.

తెలుసన్నాను. ఇరవై ఆరేళ్లలో మొదటిసారి ఈ ఇంట్లో మన మాట మాట్లాడాను. నాలుగు ముక్కలు చెప్పేసరికి నాలుక మొద్దుబారింది, కొన్ని మాటలు గుర్తుకురాలేదు, ఒకచోట రెండు మాటలు తారుమారు చేశాను. అది నవ్వలేదు. మళ్లీ చెప్పమంది. దానికి చెప్తుంటే మా అమ్మ గుడిసె ముందు పొద్దున్నే చల్ల చిలికే చప్పుడు, పెళ్లినాడు బాలి నీ మెడ వదలకుండా ఏడుస్తుంటే నువ్వు మొహం తిప్పుకుని నన్ను తిట్టడం, ఆ తిట్టు కూడా, అన్నీ ఆ భాషలోనే గుర్తొచ్చాయి. తెలుగులో అవి నాకు ఎన్నడూ గుర్తురాలేదు. ఇంకా ఏదో రాయబోయి కొట్టేశాను. నీతులు చెప్పే ముఖం కాదు నాది.

అడగాల్సిన మాట ఒకటే. వానలు ముదరకముందే రండి. ఇద్దరూ రండి. ఆరోజు వచ్చిన ఆరుగురిలో ఎవరు రాగలిగితే వాళ్లు రండి. సక్రి అక్కా, నువ్వు లోపలికి రానక్కర్లేదు. గేటు దగ్గరే జ్యోత్స్న మెడ పట్టుకుని మొదలుపెట్టు. దానికి తిరిగి మాటలు కట్టడం రాదు, ఏడవటం వచ్చు. బాలికి రెండేళ్ల కింద ఇవ్వాల్సింది, అంతకు తొమ్మిదేళ్ల ముందు ఇవ్వాల్సింది, అన్నీ కలిపి ఎంత గొంతు ఉంటే అంత గొంతుతో ఇవ్వు. ఆ తర్వాత బావ లోపలికి వచ్చి, కంప్యూటరు ముందు కూర్చుని, తన వేలితోనే ఆ తలుపు తీయాలి. అంతవరకు దాన్ని ఎవరూ ముట్టరు.

ఇప్పపువ్వు దొరికితే తే. ఈసారి గేటుకు తగిలించకు.

కళావతి ఇంకా ఎదురింట్లోనే ఉంది. ముసలిదైంది, చెవులు మాత్రం ఇంకా పాము చెవులే. సక్రి అక్క గొంతు లేవగానే కర్ర పట్టుకుని బయటికొచ్చి, "ఎవరు పోయిండ్రు సారూ?" అని అడుగుతుంది. గేటు తీసి నేను అక్కడే నిలబడి ఉంటాను. "ఎవరూ పోలేదమ్మా, మా బావ వచ్చిండు," అని చెప్తాను.

మీ దారి చూస్తూ,
బాలి పెనిమిటి
దేవ్లా