చిన్న బదనిక వేరుకు పసుపు

బోధన్, గురువారం

శ్రీవారికి నమస్కరించి రాస్తున్నాను. ఇక్కడ అందరం క్షేమం.

నేను పోయినసారి పంపిన, మామిడిచెట్ల మీద పెరిగే పెద్ద బదనిక, చిన్న బదనికల ఆకులూ వేర్లూ సన్నగా కోసి మీ కాలేజీ భూతద్దం కింద పోల్చారని, చిన్నదాని వేరు మాత్రమే లోపల పసుపుపచ్చగా ఉందని, సోమవారం ప్రొఫెసరుగారికి అదే రాసి ఇస్తానని మీ ఉత్తరంలో చదివాను. దయచేసి ఆ మాట రాయకండి. ఆ రంగు వేరుది కాదు, మన ఇంటి పసుపుది.

చిన్నదాని వేర్లు లేతవి. దారిలో కుళ్లిపోతాయని దిగులుపడుతుంటే అత్తమ్మ, "కోసిన కాడ పసుపు రాయి బిడ్డా. మనిషి పుండే మానుతది, గీ వేరెంత?" అన్నారు. రాశాను. ఆ సంగతి మీకు చెప్పాలని తోచలేదు.

చెరుకు బండి తోలే ఎజాజ్ అన్న మళ్లీ రెండు రకాలూ కోసి తెచ్చాడు. "గీ పిచ్చిమొక్కకు పట్నంల గంత గిరాకి ఉన్నదా చెల్లె?" అని నవ్వాడు. ఈసారి ఏమీ పూయకుండా తడిగుడ్డలో చుట్టి, సోమవారంలోగా అందాలని ఈ టపాకే పంపుతున్నాను.

మూట కట్టేముందు ఒక్కో వేరును కత్తిపీట మీద కోసి చూశాను. లోపల రెండూ ఒకే రంగు. పైనున్న తెల్లపొర మాత్రం పెద్దదానికి మందం, చిన్నదానికి పలుచన. మీరు అద్దం కింద చూసి నిజమో కాదో రాయండి.

ప్రొఫెసరుగారితో పసుపు సంగతి చెప్పేటప్పుడు నా మాట ఎత్తకండి. పొర సంగతి నిజమైతే మాత్రం, ఎవరు చూశారని అడిగితే చెప్పండి.

మీ ఇంటి మనిషి