స్ట్రెచర్‌కు బ్రేకు వేయని రోజు

జూలై 7, సోమవారం

రాసుకోవాలి... చెప్పుకోవడానికి ఈ అద్దె గదిలో ఇంకెవరున్నారు.

రుద్రూర్ నుంచి వచ్చిన పెద్దాయన. చెరకు తోట ఒడ్డు మీద జారి తుంటి విరగ్గొట్టుకున్నాడు. నేనూ సాయన్నా స్ట్రెచర్ మీద ఎక్స్‌రే గదికి తీసుకెళ్లాం. ఈ దవాఖానలో పదకొండేళ్లుగా మాది ఇదే వరస — ఆయన తల వైపు, నేను కాళ్ల వైపు. చక్రానికి బ్రేకు తొక్కాల్సింది కాళ్ల వైపు ఉన్న మనిషి. అంటే నేను.

సరిగ్గా అప్పుడే పెద్దాయన కోడలు, "అక్కా, చెప్పులు ఈడనే ఇడ్వాల్నా?" అంది. తల తిప్పాను. సాయన్న లెక్క — "ఒకటి... రెండు... మూడు!" దుప్పటి అంచులు పట్టి పెద్దాయనను ఎక్స్‌రే బల్ల మీదికి జరపబోయాం. స్ట్రెచర్ వెనక్కి పోయింది. బల్లకూ దానికీ మధ్య సందు. పెద్దాయన అందులోకి జారిపోతున్నాడు... సాయన్న ముందుకు దూకి, మోకాలు అడ్డం పెట్టి, ఆ బరువంతా ఒక్కడే ఆపాడు.

పెద్దాయనకు ఏమీ కాలేదు. సాయన్నే నిటారుగా నిలబడలేకపోయాడు. "ఏం గాలే చెల్లె, జర పట్టుకున్నది" అని నవ్వాడు. నవ్వుతూనే గోడ పట్టుకున్నాడు.

జూలై 8

సాయన్న రాలేదు. నడుములో పూస జరిగిందట. మంచం దిగొద్దన్నారట.

వార్డు సిస్టరమ్మ పిలిచి అడిగింది. "బ్రేక్ ఏసినవా గంగామణీ?"

"ఏసిన. ఆగలే."

ఆమె అలాగే రాసుకుంది. అబద్ధం ఇంత తేలిగ్గా వస్తుందనుకోలేదు.

జూలై 9

మధ్యాహ్నం మెట్ల కింద ఒక్కదాన్నే తిన్నాను. సాయన్న కూర్చునే చోట ఎవరిదో హెల్మెట్.

జూలై 11

మిషన్లు బాగుచేసే ఆయన వచ్చాడు. స్ట్రెచర్‌ను పక్కకు వంచి చక్రాలు చూశాడు. బ్రేకు బాగుందంటే దొరికిపోతాను.

"రబ్బర్ మొత్తం అరిగింది మేడమ్. బ్రేక్ ఏసినా గిది జారుతది."

సిస్టరమ్మ నా వైపు చూసి తలూపింది. "నువ్వు చెప్పింది నిజమే."

కొత్త చక్రాలు తెప్పిస్తారట. నేను చెప్పిన అబద్ధం కాగితం మీద నిజమైపోయింది. సంతోషపడాలి కదా. సాయంత్రం అన్నం వండలేదు.

జూలై 13, ఆదివారం

నందిపేట్ బస్సు. వాన. సాయన్న ఇంటికి బత్తాయిలు.

ఆయన భార్య రుక్కమ్మ గడపలోనే అందుకుంది. "బ్రేకుల్లేని బండ్లు పెట్టి మనుషుల నడుములు ఇరగ్గొట్టవట్టిరి! నువ్వు పక్కనుంటివి కాబట్టి గింతల పాయె, గంగామణీ." నాకు చాయ్ పోసింది. ముందు నాకే పోసింది. తాగాను.

ఆమె బత్తాయిలు కడగడానికి వెళ్లింది. సాయన్న పైకప్పు చూస్తూ అన్నాడు.

"టక్‌మనలే, చెల్లె."

బ్రేకు పడితే టక్‌మంటుంది. పదకొండేళ్లు ఆ చప్పుడు విన్నాకే లెక్క మొదలుపెట్టేవాడు.

"మనలే" అన్నాను.

"నాకెర్కే. బయట ఇంక నలుగురున్నరని తొందరపడ్డ. ఇనకుండనే ఒకటి అన్న." రుక్కమ్మ వెళ్లిన వైపు చూసి, "మీ వదినెకు చెప్పకు. మల్ల నిన్ను గడప తొక్కనియ్యది."

తిరుగు బస్సులో ఏడుపు రాలేదు. వస్తే బాగుండేది.

జూలై 15

ర్యాంపు మీద ఒక్కదాన్నే తోయమన్నారు. బాగా బరువైన మనిషి. ఇదివరకైతే తోసేదాన్నే.

"ఇద్దరు లేంది తోయను సార్."

"మస్తు మాట్లాడుతున్నవ్" అని సూపర్‌వైజర్ వెళ్లిపోయాడు.

బ్రేకు తొక్కి, రెండు వైపులా కమ్మీలు ఎత్తి, ర్యాంపు కిందే నిలబడ్డాను. ఆ పేషెంటు అడిగాడు — "నీకు పిల్లలెందరు అక్కా?" లేరన్నాను. చాలాసేపటికి ఇంకో మనిషి వచ్చాడు.

జూలై 17

చెప్పేశాను.

"బ్రేక్ నేను ఏయలే, సిస్టరమ్మా."

పెన్ను కింద పెట్టింది. "రబ్బర్ అరిగింది కదా. ఇప్పుడెందుకు చెప్తున్నవ్?"

"కొత్త చక్రాలొచ్చినా, ఏయకుంటే మల్ల గట్లనే అయితది కదా."

తిడుతుందనుకున్నాను. "సోమవారం అందర్ని పిలుస్త. నువ్వే నిలబడి చూపియ్యి. ఏమైందో గూడ చెప్పు."

సాయన్న తొందర సంగతి నేను చెప్పలేదు. చెబితే ఆయనే చెప్పాలి.

జూలై 21, సోమవారం

వార్డు ముందు పాతికమంది. తొక్కి చూపించాను. టక్‌మనాలి. మనకపోతే లెక్క మొదలుపెట్టొద్దు. టక్‌మన్నా చేత్తో ఒకసారి కదిపి చూడాలి. వంగి ఎత్తొద్దు, మోకాళ్లు వంచాలి. పేషెంటును వదిలి తల తిప్పొద్దు — ఎవరు పిలిచినా సరే.

తర్వాత, "ఆ దినం నేను తల తిప్పిన" అన్నాను. సాయన్న నడుము నా వల్లే పోయిందన్నాను.

చాయ్ దగ్గర నా బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు. ఊడ్చే పని చేసే ఒకామెది నందిపేటే. మాట ఈపాటికి రుక్కమ్మకు చేరి ఉంటుంది.

జూలై 22

డ్యూటీ. వాన.

జూలై 23

సాయన్నకు ఫోన్ చేశాను. రుక్కమ్మ ఎత్తింది.

"వదినె, నేను గంగామణిని."

లోపలి నుంచి సాయన్న గొంతు — "ఎవలే ఫోన్ల?"

ఆమె చెప్పలేదు. పెట్టెయ్యనూ లేదు. ఊపిరి వినిపిస్తోంది. నేనూ పెట్టలేదు...