పాప పాలలో కలిపిన నీళ్లు

కేతేపల్లి మండలం,
జూన్ 9.

ప్రియమైన సుస్మితకు,

గోపాల్ రాస్తున్నాను. నేను, మా అమ్మ క్షేమం. పాప కూడా ఇప్పుడు క్షేమమే. పోలీసు ట్రైనింగ్‌లో పరుగులో నువ్వే ముందున్నావని రాశావు. మన గొర్రెల వెంట ఉరికిన కాళ్లు మరి!

పాప బరువు అడిగావు. అయిదున్నర కిలోలు. నాలుగో నెల నిండకుండానే బోర్లా పడుతోంది. నానమ్మను చూస్తే నవ్వుతుంది, నన్ను చూస్తే ఆలోచిస్తుంది.

పైన 'ఇప్పుడు' అని రాసిన చోటే నువ్వు ఆగి ఉంటావు. ఫోన్లో నీకిచ్చే పది నిమిషాల్లో చెప్పలేక రాస్తున్నాను. పోయిన ఆదివారం పాప పెదవులు, గోళ్లు నీలంగా మారాయి. నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాం.

"పాలపొడి ఏ నీళ్లల్ల కలుపుతున్నరు?" అని డాక్టరమ్మ అడిగింది.

"క్యాన్ నీళ్లల్లనే మేడం" అన్నాను. నువ్వు వెళ్తూ చెప్పింది అదే కదా.

అది అబద్ధం సుస్మితా. క్యాన్ నీళ్లిచ్చే ప్లాంటు చెడిపోయి అప్పటికి పది రోజులు. మన దొడ్డి పక్క పాత బావి నీళ్లు వాడాను. అందులో ఫ్లోరిన్ లేదని ఎప్పుడో పరీక్షలో తేలింది. నాయిన వంకర కాళ్లు చూస్తూ పెరిగినవాణ్ని, ఫ్లోరిన్ లేకపోతే చాలు, మంచినీళ్లే అనుకున్నాను. పైగా సగమయ్యేదాకా మరిగించాను.

నా మాట నమ్మి, గుండెలో రంధ్రమేమోనని హైదరాబాదుకు పంపడానికి కాగితాలు రాశారు. మూడు గంటలు పోయాయి. పాప ఏడవడం కూడా మానేసింది. అప్పుడు డాక్టరమ్మ కాళ్ల మీద పడి, "బావి నీళ్లు మేడం, గొర్ల దొడ్డి పక్క బావి" అని ఏడ్చాను.

"గొర్ల పెంట, యూరియా భూమిలకు ఇంకి బావిలకు నైట్రేట్ దిగుతది. అది పసిపిల్లల నెత్తురుకు గాలి అందకుండ చేస్తది. మరగబెడితే అది పోదు, ఇంకా ఎక్కువైతది. గీ ముక్క ముందుగాల్నే చెప్తే అయిపోతుండె గదా!" అంది.

ఇంజెక్షన్ ఇచ్చిన గంటకు పెదవులు ఎర్రబడ్డాయి. ఆ నీలిరంగు మందుకు పాప మూత్రం నీలంగా వస్తే అమ్మ మళ్లీ గొల్లుమంది.

నీకు తెలిస్తే ఏమంటావోనని అబద్ధమాడాను. పాప పోతుందన్న భయం కంటే నువ్వంటే భయమే ముందొచ్చింది. అందుకు సిగ్గుతో చస్తున్నాను.

బావి చుట్టూ ముళ్లకంప కొట్టాను. ఊళ్లో అందరికీ చెప్పాను. నువ్వు ట్రైనింగ్ వదిలి రాకు, ఇది పోతే వయసు దాటిపోతుంది. మోత్కూర్ నుంచి మీ అక్క మంజులత ఆదివారం వస్తుందట, పాపను తీసుకుపోతానంటోంది. నేను వద్దనలేదు. వద్దనే మొహం నాకు లేదు. పాపను నా దగ్గర ఉంచాలో వద్దో నువ్వే చెప్పు.

పాప బట్టలు సర్దాను. పాలసీసా మాత్రం ఇంకా సంచిలో పెట్టలేదు.

ఇట్లు,
పాప నాయిన,
గోపాల్