ఇరవైమూడో నిమిషం

రాజోలు,
9 సెప్టెంబరు 2004.

అమ్మకి,

నీ జెస్సీ వందనాలు. దేవుని దయవల్ల నేనూ నాన్నా ఇక్కడ కులాసా. కువైట్‌లో నువ్వూ అలాగే ఉన్నావని అనుకుంటున్నాను. లేకపోయినా ఉత్తరంలో నిజం రాయవని తెలుసు.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. నాన్న కాయల దింపుకి కొబ్బరిచెట్లెక్కడం మానేశాడు. నా మాట విని కాదు, మోకాలు లేవక. ఇప్పుడు కింద నిలబడి కాయలు పోగేస్తూ, ఎక్కినవాళ్ళని తిడుతున్నాడు. సలోమి పిన్నితో మాట్లాడుతున్నావా అని అడిగావు. లేదు. కారణం ఇంకాస్త కింద రాస్తాను. ఇక అమ్మమ్మ భూస్థాపన సీడీ. మీ మేడమ్ సెలవివ్వక నువ్వు రాలేకపోయావు. చూడనైనా చూస్తానని మూడు ఉత్తరాలు రాశావు. పంపలేక ఇన్నాళ్ళూ నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను పనిచేసే స్టూడియోలో ఒక పద్ధతి ఉంది. టేపులో తీసినదాన్ని కంప్యూటరులోకి ఎక్కించి, అదే టేపు మీద ఇంకో పెళ్ళి తీస్తారు. అమ్మమ్మ టేపు మీద ఇప్పుడు మలికిపురం పెళ్ళి ఉంది. అంటే అమ్మమ్మ మిగిలింది ఆ కంప్యూటరులోనే. ఇంకో కంప్యూటరు లేదు. సీడీ మీదికి దించుదామని కూర్చుంటే, సీడీ రాసే ప్రోగ్రాము 'డ్రైవు ఏదీ లేదు' అంది.

లేకపోవడమేమిటి? సీడీలు పెట్టే ఆ డ్రైవు పెట్టె నా కళ్ళ ముందే ఉంది. బొత్తాం నొక్కితే పళ్ళెం బయటికొస్తుంది. కంప్యూటరు ఆన్ చేయగానే నల్ల తెర మీద దాని పేరు కూడా పడుతుంది. విండోస్‌లోకి వెళ్ళాక మాత్రం దాని పక్కన పసుపు గుర్తు. డ్రైవర్ పనిచేయట్లేదట. డ్రైవరంటే కంప్యూటరుకీ ఆ పెట్టెకీ మధ్య మాటలు మోసే చిన్న ప్రోగ్రాము. దాన్ని తీసేసి మళ్ళీ పెట్టాను. నాలుగుసార్లు. నాలుగుసార్లూ అదే పసుపు గుర్తు. కోపమొచ్చి మౌసుని గోడకేసి కొట్టాను. అది మాత్రం శుభ్రంగా పనిచేస్తోంది!

ఓనరు సత్యప్రసాద్ గారు అమలాపురం నుంచి మోహన్ అనే మెకానిక్కుని పిలిపించారు. అతను పెట్టె పోయిందని కొత్తది బిగించాడు. అదీ కనబడలేదు, మళ్ళీ పాతదే పెట్టాడు.

"నాసిరకం తెచ్చి అంటగడతావేటయ్యా?" అని ఓనరుగారు పెళ్ళివాళ్ళ ముందే అతన్ని కడిగేశారు.

మోహన్ ముఖం మాడ్చుకుని, "అయితే ఫార్మాట్ కొట్టేద్దావండీ" అన్నాడు. అంటే డిస్కు మొత్తం తుడిచేయడం.

"అందులో మా అమ్మమ్మ ఉందండీ. తుడిచేరంటే మీ చెయ్యి విరుస్తానండీ" అన్నాను.

"ఇంటరు ఫెయిలైనమ్మాయి నాకు చెప్పేదేటండీ?"

"ఫెయిలైంది లెక్కల్లోనండీ, చూపులో కాదు. రెండు పెట్టెలూ కనబడట్లేదంటే తప్పు పెట్టెది ఎలాగవుద్దండీ?"

ఓనరుగారు మధ్యలోకొచ్చారు. "గురువారం దాకా చూడమ్మా. ఆ తర్వాత తుడిచేయడమే. నా పెళ్ళిళ్ళు ఆగవు."

బుధవారం అమలాపురం నెట్ సెంటరుకి వెళ్ళాను. ఎవరో తెల్లాయన నాలాగే తిట్టుకుంటూ రాసిన పేజీ దొరికింది. సీడీలు రాసే కొత్త ప్రోగ్రాము వస్తే డ్రైవు ముందు తన కాపలావాణ్ణి నిలబెడుతుందట. ఆ ప్రోగ్రాముని పద్ధతిగా తీయకుండా దాని ఫోల్డరు చెరిపేస్తే కాపలావాడు పోతాడు, అతన్ని అడిగి లోపలికెళ్ళమన్న ఆజ్ఞ మాత్రం మిగిలిపోతుంది. లేనివాణ్ణి అడగడానికి విండోస్ అక్కడే ఆగిపోతుంది. ఆ ఆజ్ఞ, విండోస్ తన ఆజ్ఞలన్నీ దాచుకునే రిజిస్ట్రీలో రెండు వరుసలు. ఎక్కడున్నాయో నోటుబుక్కులో రాసుకొచ్చి, ముందు నకలు దాచి, రెండూ చెరిపేసి, కంప్యూటరు ఆపి మళ్ళీ ఆన్ చేశాను. పసుపు గుర్తు లేదు. పాత పెట్టె కనబడింది! సీడీ రాసే ప్రోగ్రాము మళ్ళీ ఎక్కించాను. ఏడుపొచ్చింది గానీ ఏడవలేదు, ఓనరుగారు చూస్తున్నారు.

ఇప్పుడు అసలు సంగతి రాస్తున్నాను. ఆ కొత్త ప్రోగ్రాము పెట్టింది నేనే, అమ్మా. పత్రికతో ఉచితంగా వచ్చిన సీడీలోది, వీడియో కోసేదీ సీడీ రాసేదీ అదే. అది సరిగ్గా నడవకపోతే ఫోల్డరు చెరిపేసిందీ నేనే. ఇరవైమూడో నిమిషంలో ఒక ముక్క నీకు కనబడకుండా కోసేద్దామనుకున్నాను. స్టూడియోలో కోసే ప్రోగ్రాము ఓనరుగారు తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. ఆయన్ని అడిగితే ఆ మాటలు ఆయన కూడా వినాలి.

ఆ మాటలు పిన్నివి. అమ్మమ్మ శవపెట్టె దించేటప్పుడు గుంట పక్కన నిలబడి అరిచింది: "చూడవే అమ్మా, నీ పెద్దకూతురు రాలేదే! ఎవరి పిల్లలకో ముడ్డి కడగడానికి ఉంది గానీ, నీకు గుప్పెడు మట్టి వెయ్యడానికి లేదే!"

ఆ రోజు నేను వెనక మంచినీళ్ళు అందిస్తున్నాను, వినలేదు. కంప్యూటరులో విన్నాక అక్కడే ఆపేశాను. ఇక పిన్ని గుమ్మం తొక్కలేదు.

అంతా నావల్లేనని నిన్న ఓనరుగారికి చెప్పేశాను. మోహన్‌కి ఫోను చేసి కూడా చెప్పాను. "మరి నా చెయ్యెందుకు విరుస్తానన్నారండీ?" అన్నాడు.

ఆ కోసే ప్రోగ్రాము మళ్ళీ పెట్టే ధైర్యం లేక, ముందు మొత్తం అలాగే రాశాను. సరిగ్గా పడిందో లేదోనని సీడీ చివరిదాకా చూశాను. అరిచాక పిన్ని మట్టి వేసి, చెయ్యి దులుపుకోకుండానే కెమెరా వైపు తిరిగింది. నీతో మాట్లాడింది.

కోయలేదమ్మా. కువైట్ వెళ్తున్న మన చిట్టిబాబుకి ఈ ఉత్తరంతో పాటు సీడీ ఇస్తున్నాను. ఇరవైమూడో నిమిషం దగ్గర కోపమొచ్చి ఆపేయకు, నాలాగ. నేను సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్తున్నాను. ఆవిడ ఏమందో సీడీలో గాలి హోరుకి సరిగ్గా వినబడకపోవచ్చు, అందుకని ఇక్కడ రాస్తున్నాను:

"అక్కా, పోయేముందు అమ్మ మంచినీళ్ళడిగిందే. నేను పక్కనే ఉన్నాను, అయినా నిన్నే పిలిచింది. 'కృపా' అంది. 'ఆయ్, కృపనేనమ్మా' అని నీ గొంతు పెట్టి చెప్పేను. రెండు చెంచాలు తాగింది."

ఇట్లు,
నోటిదురుసు ఇంకా తగ్గని నీ కూతురు,
జెస్సీ