కళ్ళు దిద్దిన పటాలు

తిరుపతి,
10-2-1946

ప్రియమైన కాంతానికి,

నేను ఈడ కులాసా. నువ్వూ ఇల్లూ క్షేమమని తలుస్తాను. ముందు సంతోషం మాట రాస్తాను, బెల్లం మండీ మాటలు తర్వాత.

మొన్న ఆదివారం మన డ్రాయింగు మాస్టరు రాజారత్నంతో కార్వేటినగరం పోయినాను. ఆడ ఒక పాత ఇంట్లో సామాన్లు అమ్ముతా ఉండారని తెలిసింది. పోతే ఏముండాది? విరిగిన కుర్చీలు, తుప్పు పట్టిన కత్తులు, ఒక జింక తల. "పోదాం పదప్పా, పూట దండగ" అన్నాడు రాజారత్నం. అప్పుడు చూసినాను కాంతం! వడ్ల గాదె వెనక, గోడకు మొహం పెట్టి నిలబెట్టి ఉండాది ఒక అద్దం పటం. తిప్పితే వెన్న తినే కృష్ణుడు. ఆ చెంపలు గిల్లితే ఎర్రబడేట్టు ఉండాయి. అద్దానికి వెనకవైపు నుంచి రాసే పని అది. మొదట కళ్ళూ నగలూ, కడాన ఒళ్ళు. చెయ్యి తప్పితే దిద్దుకునే దారి లేదు. ఇంటాయన ఎంత అడిగితే అంత ఇచ్చి, చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు బస్సులో ఒళ్ళో పెట్టుకొని తెచ్చినాను.

నిన్న ఈడ బళ్ళో చిత్రాల ప్రదర్శన పెట్టినారు. మద్రాసు నుంచి కూడా పటాలు వచ్చినాయి. గోడలకు కంటి ఎత్తున తగిలించి, కింద చీటీలు అంటించినారు. జనం చెప్పులేసుకొనే నిలబడి, చేతులు వెనక్కి కట్టుకొని చూస్తారు. ఎవరూ మాట్లాడరు. నాకైతే ఆడనే ఉండిపోదామా అనిపించింది. రెండు పూటలు పోయినాను.

కృష్ణుణ్ణి మండీ బండిలో పంపుతా ఉండాను. కాళహస్తి కలంకారీ గుడ్డ ఒకటి, పట్టాభిషేకం, అది కూడా ఉండాది. వీటితో అరవై రెండు. నీ దీపాలకు ఇంకో ఇద్దరు చుట్టాలు వస్తా ఉండారు, మర్యాదగా దించుకో.

నీ
వెంకటముని

●

చిత్తూరు,
16-2-1946

ప్రియమైన మీకు చంద్రకాంతమ్మ నమస్కరించి రాసేది.

చుట్టాలు చేరినారు. కృష్ణుడికి దెబ్బ తగల్లేదు. గోడ మీద జాగా లేదు, బియ్యం కుండల మీద పలక పరిచి కూర్చోబెట్టినాను. ఆయన వెన్న తింటా ఉంటే కింద నేను రేషను బియ్యం కొలుచుకుంటా ఉండాను. కార్డులో మన ఇద్దరి పేర్లే ఉండాయి గానీ దేవుళ్ళ పేర్లు రాయరంట. నైవేద్యానికి నా వంతు బియ్యం తీస్తా ఉండాను.

పొద్దున నాలుగింటికి లేస్తాను. తలకు పోసుకొని, మడి కట్టుకొని, పటాలన్నీ తుడిచి, కుంకం పెట్టి, పూలు పెట్టి, వంట చేసి, ఒక్కొక్కరికీ చూపించేసరికి పదకొండు. సాయంత్రం మళ్ళా దీపాలు. పక్కింటి ఆనందమ్మ, అదే, మిషను బళ్ళో టీచరమ్మ, పాపం అరుగు మీద నిలబడే పలకరిస్తాది. మడి ఇల్లని గడప దాటదు. "మీ ఇంట్లో ఎన్ని పటాలో ఉన్నాయంట గదా అక్కా" అంటాది. చూపించలేదు.

ఇప్పుడు అసలు మాట. మన పంకజాక్షికి ఎనిమిదో నెల నిండతా ఉండాది. తొలి కానుపు తల్లి ఇంట్లోనే గదా. తీసుకొద్దామని పురోహితుడు వరదయ్య గారిని అడిగినాను. ఆయన చుట్టూ చూసి నోరు వెళ్ళబెట్టినాడు. ఇంట్లో కానుపు జరిగితే పురుడు పది దినాలు, దీపం పెట్టకూడదు, నైవేద్యం పెట్టకూడదు. మామూలు ఇళ్ళలో దేవుడి పెట్టె ఎవరింటికైనా పంపిస్తారు. ఈ అరవై రెండు మందిని ఎవరింటికి పంపేది? "పొద్దున వచ్చి ఒకసారి గంట కొట్టిపోతానమ్మా, ఇన్ని తుడిచేది నా వల్ల కాదు" అన్నాడు.

సరే, పిల్లను తీసుకురాకపోతే నేనే వడమాలపేట పోవాల. ఆడ వాళ్ళింట్లో ఆడదిక్కు లేదు. అత్త ఎప్పుడో పోయింది. మామ, అల్లుడు, ఒక ఎద్దు. నేను పోతే ఈడ దీపం ఎవరు పెట్టాల? అందుకని అడుగుతా ఉండాను. మార్చి ఆఖరుకు మీరు వచ్చి ఇరవై దినాలు ఇంట్లో ఉండండి. పూజ మీరు చూసుకుంటే నేను పిల్ల దగ్గరికి పోతాను. పటాలు ఇంట్లోకి వచ్చిన ఈ పదకొండేళ్ళలో నేను అడిగింది ఇదొక్కటే.

మీ
చంద్రకాంతమ్మ

●

తిరుపతి,
2-3-1946

ప్రియమైన కాంతానికి,

నీ ఉత్తరం చేరింది. జవాబుకు ఆలస్యమైంది, కోపగించుకోవద్దు. బెల్లం బండ్లు దినానికి నలభై వస్తా ఉండాయి, ఊపిరాడ్డం లేదు. ఈ నెలాఖరుకు ఇరవై దినాలంటే మండీ వాళ్ళు నన్ను మళ్ళా గడప తొక్కనీరు. నువ్వే ఆలోచించు.

వంటకు ఒక బ్రాహ్మణ ముసలామెను పెట్టుకుంటే కాదా? లేదా పంకజం ఆడనే ఉండనీ. వడమాలపేటలో మంత్రసాని లేదా? ఊరన్నాక కానుపులు జరగడం లేదా? నువ్వు ఊరికే బెంగ పెట్టుకుంటావు.

రాజారత్నం మొన్న మన ఇంటికి వచ్చిపోయినాడు గదా, ఆ పొద్దు నువ్వు హారతి ఇస్తా ఉంటే చూసినాడంట. కండ్లు చెమ్మగిల్లినాయంటాడు. "పటాలు కొనేవాళ్ళు చాలామంది ఉండారు వెంకటమునీ, వాటికి ప్రాణం పోసే ఇల్లాలు నీకే ఉండాది" అన్నాడు. నేను ఎంత గర్వపడినానో చెప్పలేను.

పన్నెండో తేదీ మండీ పని మీద మద్రాసు పోతాను. ఆడ పెద్ద ప్రదర్శన జరుగుతా ఉండాదంట. తంజావూరు దశావతారాల పటం ఒకటి అమ్మకానికి ఉండాదని విన్నాను. దొరికితే నీ అదృష్టం.

నీ
వెంకటముని

●

చిత్తూరు,
11-3-1946

ఏమండీ,

ప్రియమైన అని రాయబోయి మానుకున్నాను. నా అదృష్టం మాట అట్ల ఉండనీండి.

పంకజం ఉత్తరం వచ్చింది. ఎదురింటి పిల్లతో రాయించినట్టుండాది. "అమ్మా, కాళ్ళు వాచినాయి. రాత్రంతా కూర్చునే ఉంటాను. మామ మంచోడే గానీ ఆయనకు ఏం చెప్పేది? నువ్వు రావా అమ్మా? రాలేనంటే చెప్పు, ఎదురుచూడ్డం మానుకుంటాను." ఇది చదివి నేను పొయ్యి ముందు కూలబడినాను. అన్నం మాడింది. మాడిన అన్నం నైవేద్యానికి పనికిరాదని మళ్ళా ఎసరు పెట్టినాను. చూసినారా నా బతుకు? బిడ్డ కోసం ఏడ్చే తీరిక కూడా వీళ్ళే ఇయ్యాల.

ఇన్నాళ్ళూ రాయని మాట రాస్తాను. మొదటి పటం మీరు కాణిపాకం తిరునాళ్ళలో కొన్నారు, వినాయకుడిది. వాకిట్లో నిలబడి చెప్పినారు, "రాసినాయన కళ్ళు దిద్ది చేతికిస్తా, ఇంక ఈయన్ను పస్తు పెట్టద్దు స్వామీ అన్నాడు" అని. నేను పెట్టలేదు. నెల దినాలు దీపం తప్పలేదు. తర్వాత నాకు చలిజ్వరం వచ్చి రెండు దినాలు లేవలేకపోయినాను. పటం ముందు దీపం లేదు, మెతుకు లేదు. ఆ వారంలోనే మన చిన్నబ్బ పోయినాడు. రెండేళ్ళ బిడ్డ. విషజ్వరమని డాక్టరు అన్నాడు. నాకు తెలుసు ఎందుకు పోయినాడో.

అప్పట్నుంచి నేను ఒక్క పొద్దు తప్పించలేదు. మా అమ్మ చచ్చిపోతే ఆడ ఉండిన పదకొండు దినాలు ఈడ మీ చేత దీపం పెట్టించి, ఎప్పుడు తీరుతాదా అని లెక్కపెట్టుకున్నాను. మీరు ఒక పటం తెస్తే నాకు ఒక భయం తెచ్చినట్టు. మీరు ప్రదర్శనలో చేతులు వెనక్కి కట్టుకొని చూస్తారు. ఈడ నా చేతులు చూడండి, చింతపండు పెట్టి ఇత్తడి తోమి పగిలినాయి. మీకు కళ, నాకు మడి.

ఇప్పుడు పోతే వీళ్ళు పస్తుంటారు, బిడ్డకు ఏమవుతాదో అని భయం. పోకపోతే బిడ్డ ఒంటరిగా కంటాది, ఆడ ఏమవుతాదో అని భయం. కుడితిలో పడ్డ ఎలుక కూడా నాకంటే నయం, అది ఒక పక్కకే కొట్టుకుంటాది. వరదయ్య గారిని ఉద్వాసన చెప్పమన్నాను, వినాయక చవితికి చెప్పి పంపిస్తాం గదా, అట్ల. "యజమాని లేకుండా, ఇన్ని పటాలకా, ఆడదాని మాట మీదనా" అని చెవులు మూసుకున్నాడు.

మీరు వస్తారా, రారా? ఒక్క మాట రాయండి.

చంద్రకాంతమ్మ

●

తిరుపతి,
25-3-1946

ప్రాణసమానమైన కాంతానికి,

ఈ పొద్దే మద్రాసు నుంచి దిగినాను. నీ ఉత్తరం అంగడి గల్లాపెట్టె మీద పదమూడు దినాలుగా పడి ఉండాది. చదివి ఆడనే బెల్లం అచ్చుల మీద కూర్చున్నాను.

కాంతం, నేను ఎప్పుడు నీకు నైవేద్యం పెట్టమని చెప్పినాను? ఆ తిరునాళ్ళ ఆయన మాట నేను నవ్వులాటకు చెప్పినాను. బేరం కుదిరినాక అట్లాంటి మాట ఒకటి చెప్పి చేతికిస్తారు, అందరికీ చెప్తారు. అది నువ్వు అట్ల మనసులో పెట్టుకున్నావని నాకు తెలీదు.

చిన్నబ్బ పోయినాక నువ్వు మూడు నెలలు నాతో మాట్లాడలేదు. గుర్తుండాదా? ఆ పటం ముందు మాత్రం గంటలు గంటలు కూర్చునేదానివి. నేను ఏమనుకున్నానంటే, నేను ఇయ్యలేని ఓదార్పు ఆ దేవుడు ఇస్తా ఉండాడు, పోనీ, ఇంకో దేవుణ్ణి తెస్తాను అని. అట్ల ఒకటి, రెండు, అరవై రెండు. యాడికి పోయినా దేవుడి పటాలే వెతికినాను. నిజం చెప్తా ఉండాను, నాకు ఇష్టమైనవి వేరే. మద్రాసులో ఒక పటం చూసినాను. బావి కాడ బిందె దించి, నడుం పట్టుకొని నిలబడిన ఆడమనిషి. అరగంట దాని ముందే నిలబడినాను. పూజకు పనికిరాదు, కాంతానికేం లాభం అని వదిలేసి వచ్చినాను.

ఇంక చాలు. ఈ ఉత్తరం అందిన గంటలో బయలుదేరు. దీపాలు ఆర్పెయ్. పాపమంటూ ఉంటే అది నాది, నా నెత్తిన వేసుకుంటాను. శుక్రవారం నేనే ఇంటికి వస్తాను.

నీ
వెంకటముని

●

వడమాలపేట,
4-4-1946

ప్రియమైన మీకు,

పంకజానికి ఆడపిల్ల. పోయిన గురువారం మధ్యాహ్నం. బిడ్డ కాళ్ళతో ఎదురొచ్చింది. మంత్రసాని గట్టిదే గానీ ఒక్కతి. నేను భుజాలు పట్టుకోకపోతే పంకజం దక్కేది కాదని ఆమే చెప్పింది. ఇప్పుడు ఇద్దరూ బాగుండారు. పాప రంగు మీదే, ఏడుపు నాది.

శుక్రవారం మీరు చిత్తూరు పోయి విప్పకుండా ఉన్న మీ ఉత్తరం చూసి బెదిరినారంట. ఆనందమ్మ రాసింది, మీ ఉత్తరం కూడా దాంట్లో పెట్టి పంపింది. అది చిత్తూరు చేరేసరికి నేను బయలుదేరి ఆరు దినాలు. మీ జవాబు కోసం పదిహేడో తేదీ వరకూ చూసినాను, ఇరవై వరకూ చూసినాను. ఇరవై ఒకటిన తలకు పోసుకొని, పటాలన్నీ తుడిచి, కడుపు నిండా నైవేద్యం పెట్టినాను. ఆ పొద్దు పాయసం కూడా చేసినాను, చక్కెర యాడ దొరుకుతాది, మీ బెల్లమే. తర్వాత ఒక్కొక్క పటాన్నీ మేకు మీద రవ్వంత కదిలించి, "స్వామీ, పోయిరా. నా బిడ్డ దగ్గరికి నేను పోవాల, నీ చోటికి నువ్వు పో" అని చెప్పినాను. మంత్రం రాదు. అరవై రెండు సార్లు అదే మాట. కడాకు గొంతు పోయింది.

మరుదినం తాళం ఆనందమ్మ చేతికిచ్చి, "ఇంక లోపలికి రావచ్చమ్మా, అవి పటాలే" అన్నాను. ఆమె గడప కాడ నిలబడి నన్ను ఒకటికి రెండు సార్లు అడిగింది. ఇప్పుడు సాయంత్రాలు బడి పిల్లలను తీసుకుపోయి చూపిస్తా ఉండాదంట. ఒక పిల్ల, పట్టాభిషేకంలో మూలన ఒక కోతి ఆవలిస్తా ఉండాదని కనిపెట్టిందంట. నేను ఆ గుడ్డను నెలకు పైగా దులిపినాను. చూడలేదు.

ఆ పొద్దు ఈడికి వస్తా తిరుపతిలో దిగినాను. మీ అంగడి నాలుగు వీధుల దూరం. మద్రాసు పోయి ఉంటారో ఉండరో, నేను అటు తిరిగి చూడలేదు. వడమాలపేట బస్సు ఎక్కినాను.

మీ ఉత్తరం మూడుసార్లు చదివినాను. మొదటిసారి నవ్వు వచ్చింది. రెండోసారి పొయ్యి దగ్గర కూర్చొని ఏడ్చినాను. మీరు నా ఓదార్పు కోసం తెచ్చినారు, నేను మీ కోసమని, భయంతోనూ మోసినాను. పదకొండేళ్ళు! నోరు తెరిచి ఒక మాట అడుక్కునే తెలివి ఇద్దరికీ లేకపోయింది. ఒకటి మాత్రం చెప్పాల. బావి కాడ ఆడమనిషి నడుం నొప్పి మీకు మద్రాసులో, పటంలో కనిపించింది. ఆ మాటకు నాకు ఇంకా కోపం తగ్గలేదు, తగ్గినాక రాస్తాను.

పురుడు తీరినా నేను ఈడనే ఉంటాను, ఎన్నాళ్ళో చెప్పలేను. ఎండ ముంగిట్లోకి వచ్చినాక లేస్తా ఉండాను. మీరు వచ్చి మనవరాలిని చూసుకోండి. ఉత్త చేతులతో రండి.

పాపం మీ నెత్తిన వేసుకుంటానని రాసినారు. వద్దు. దేవుడు నా బిడ్డను తీసుకుపోతాడేమోనని గుండె దడదడలాడతా ఉంటే, ఆ దడతోనే తాళం వేసి వచ్చినాను. మీరు పొమ్మన్నందుకు రాలేదు. ఇన్నేళ్ళలో నా అంతట నేను చేసిన పని ఆ పాపం ఒక్కటే. దాన్ని కూడా మీ పేరు మీద రాసుకోవద్దు.

మీ
చంద్రకాంతమ్మ