గొంతులో గుండీ

అమ్మా, పాప క్షేమం, కంగారు పడకుండా చదువు.

ఫోన్లూ టీవీ అమ్మేశామని తిట్టావు కదా. నిన్న మధ్యాహ్నం ముగ్గురం ఎదురెదురుగా కూర్చుని అన్నం తింటున్నాం. పాప ఉన్నట్టుండి మాట ఆపేసింది. ఏడుపు లేదు, చప్పుడు లేదు. పాపనే చూస్తున్న ఆయన, "పిల్లకి ఊపిరాడట్లేదే!" అంటూ ఒళ్లో బోర్లా వేసుకుని వీపు మీద చరిచారు. పొద్దున ఆయన కుడుతుండగా జారిపోయిన చొక్కా గుండీ పాప నోట్లోంచి బయటపడింది! "నానా, ఎందుకు కొట్టావ్?" అని పాప నిలదీస్తే ఆయన ఏడుస్తూనే నవ్వేశారు. డాక్టరు చూసి భయం లేదన్నారు. ఇదివరకైతే మా ఇద్దరి తలలూ ఫోన్లలోనే ఉండేవి.

తమ్ముడు కొత్త ఫోను పంపుతానన్నాడట, వద్దని నచ్చజెప్పు. నాన్న మోకాలు ఎలా ఉంది? నా ఉన్ని శాలువా పంపు. నాన్నకు నమస్కారాలు, తమ్ముడికి ఆశీస్సులు. పాప నా భుజమెక్కి, అమ్మమ్మకు ముద్దులు రాయమంటోంది.

నీ కూతురు