హెలికాప్టరూ, మా అక్క చీమలూ

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. నీ క్షేమమే నాకు అనుమానంగా ఉంది.

ఏవో సామాన్లు పెట్టుకుంటానంటే కుర్చీలో బల్లలో అనుకుని పెరటి గది ఇచ్చాను. నిన్న దుమ్ము దులుపుదామని రెండో తాళంచెవితో తీస్తే గదినిండా తెల్లపొడి పొట్లాలు! దొంగసరుకని మీ బావ అనలేదు, నేనే అంటున్నాను. అమ్మ పోతూ పోతూ నిన్ను నా చేతిలో పెట్టింది. నువ్వు జైలుకెళితే ఆవిడకేం చెప్పుకోను?

ఇట్లు,
అక్క

తా.క. మీ బావ ఒక పొట్లం వాసన చూసి తుమ్మాడు. తుమ్మి నవ్వాడు. ఆయన నవ్వి ఎన్నాళ్లయిందో నీకు తెలుసు.

*

అక్కకు నమస్కారాలు.

దొంగసరుకూ కాదు, నా మొహమూ కాదు. అది సినిమా సామాను. మిలటరీవాళ్లు హెలికాప్టర్లలో దిగి మత్తుమందుల ముఠాని తుడిచిపెట్టే కథ. పొట్లాలు కట్టే పని నాది. ఇన్నాళ్లూ ఒకరి చేతికింద చేశాను, పని మొత్తం నా చేతికి రావడం ఇదే మొదలు. దయచేసి చెడగొట్టకు.

లోపల ఉన్నది పంచదార పొడి. విలన్ నాలుకమీద వేసుకుని చూడాలి కదా! గోడవారవి నేను కట్టినవి. చాలవేమోనని కిటికీ పక్క వరస మా మేనేజరే ఎక్కడినుంచో తెచ్చి స్వయంగా సర్దాడు. బంగారంలాంటి మనిషి.

నీ నమ్మకం కోసం షూటింగులో దిగిన ఫోటో పంపుతున్నాను.

ఇట్లు,
తమ్ముడు

తా.క. కథ బయటికి పొక్కకూడదు. బావకి చెప్పకు.

*

చిరంజీవి తమ్ముడికి,

ఫోటో చూశాక ఉన్న కాస్త నమ్మకమూ పోయింది. అందులో ఆ మొహాన కత్తిగాటువాడు నీ భుజంమీద చెయ్యేశాడేం? హెలికాప్టర్‌కి ముందు సగమే ఉంది, వెనక సగం ఎవరు పేల్చారు? సైకిల్ మీదే తిన్నగా కూర్చోలేవు, నీకు హెలికాప్టరా!

పంచదారన్నావు. మా ఇంటి చీమలు నీళ్లపళ్లెంలో పెట్టిన డబ్బాకి కూడా ఈదుకుంటూ వస్తాయి. గోడవార పొట్లాలకు బారులు తీరాయి. కిటికీ పక్క వరసని మాత్రం ఒక్కటీ ముట్టలేదు, చుట్టూ తిరిగి పోతున్నాయి. నువ్వు అబద్ధమాడొచ్చు, చీమలకేం అవసరం?

మనమే ముందు చెబితే శిక్ష తగ్గుతుందట. రేపు పోలీసుల దగ్గరికి వెళుతున్నాను. నాకు నువ్వు కావాలిరా, నీ సినిమా కాదు.

ఇట్లు,
అక్క

తా.క. మీ బావ ఆ గది రోజూ తనే ఊడుస్తానంటున్నాడు. పెళ్లయ్యాక ఆయన చీపురు ముట్టడం ఇదే మొదలు.

*

అక్కకు,

ఈసారికి నమస్కారాలు లేవు.

పోలీసులు పొట్లాలన్నీ పట్టుకుపోయారు. రుచి చూసే సీను ఆగింది. డైరెక్టర్ నన్ను పనిలోంచి తీసేశాడు. చీమల మాట విని తమ్ముడి నోట్లో మట్టి కొట్టావు. నన్ను తిట్టనివాడు మేనేజర్ ఒక్కడే. పాపం, సంగతి వినగానే చెమటలు పట్టి, చెప్పులైనా వేసుకోకుండా ఎటో వెళ్లిపోయాడు.

ఇక నీకు ఉత్తరం రాయను.

తమ్ముడు

తా.క. హెలికాప్టర్ వెనక సగం ఇంకా వడ్రంగి దగ్గరే ఉంది. ఎవరూ పేల్చలేదు.

*

అక్క పాదాలకు నమస్కారాలు.

రాయనన్నవాణ్ణే రాస్తున్నాను. పొట్లాలు పరీక్ష చేశారు. గోడవారవి పంచదార. కిటికీ పక్కవి అసలు సరుకు! మా బంగారంలాంటి మనిషి దొరికాడు. సినిమా సామాన్లలో కలిపి ఊళ్లు దాటిస్తున్నాడట. దారిలో పట్టుబడి ఉంటే, పొట్లాలు కట్టినవాణ్ణి నేనేగా! నువ్వు ముందే వెళ్లి చెప్పబట్టి నేను బయట ఉన్నాను. నిన్నన్న మాటలు తలుచుకుంటే ఏడుపొస్తోంది.

డైరెక్టర్ మళ్లీ పనిలోకి రమ్మన్నాడు. ఆ కత్తిగాటువాడే మా విలన్. నీకు దణ్ణం పెట్టానని రాయమన్నాడు. సీను బాగా రావాలని ఏడెనిమిదిసార్లు నాకుదామనుకున్నాడట.

ఇట్లు,
నీ చేతిలో పెట్టిన తమ్ముడు

తా.క. పొట్లాలు పోయాక బావ మళ్లీ మామూలుగా చిర్రుబుర్రులాడుతున్నాడా? మంచిది, అలాగే ఉండనీ.

ఇంకో తా.క. చీమల్ని అడిగానని చెప్పు.